కర్సర్‌ను దారి తప్పించే విధానం

ఎడిటర్‌కు స్క్రిప్టు రాసేటప్పుడు కర్సర్ ఒకటుందని మర్చిపోవడం మొదటి మెట్టు. లైన్ల చివర మిగిలిపోయిన ఖాళీలను సేవ్ చేసినప్పుడల్లా తుడిచే స్క్రిప్టు ఈ సాధనకు అన్నిటికన్నా అనువైనది. విమ్‌లో అది చిటికెలో పని: ఫైలంతటికీ ఒక సబ్‌స్టిట్యూట్ కమాండు, దాన్ని సేవ్‌కు తగిలించే ఆటోకమాండు. ఖాళీలు పోతాయి. కర్సర్ మాత్రం చివరి మార్పు జరిగిన లైనుకు పోయి కూర్చుంటుంది. ఫైలు మొదట్లో ఫంక్షన్ రాస్తున్న మనిషి సేవ్ కొట్టగానే ఎక్కడో అడుగున తేలతాడు. కంగారు పడకుండా కంట్రోల్-ఓ నొక్కి వెనక్కి రావాలి. అదే కమాండును ఆటోకమాండుకు బదులు ఒక కీకి తగిలించుకున్నప్పుడైతే, ఇందాక వెతుకుతున్న మాట కోసం ‘ఎన్’ నొక్కితే ఎడిటర్ ఖాళీలను వెతుకుతుంది, ఎందుకంటే సబ్‌స్టిట్యూట్ పాత వెతుకులాటను కూడా చెరిపేసింది. దానికీ అలవాటు పడాలి.

నిజానికి మందు చిన్నదే. కమాండుకు ముందు విన్‌సేవ్‌వ్యూ, తర్వాత విన్‌రెస్టోర్‌వ్యూ, వెతుకులాట చెడకుండా కీప్‌ప్యాటర్న్స్. గెట్‌పోస్, సెట్‌పోస్ జంట కర్సర్‌ను తిరిగి తెస్తుంది గానీ, తెరమీద పైన ఏ లైను ఉండేదో దానికి గుర్తుండదు, విన్‌సేవ్‌వ్యూకు ఉంటుంది. ఇదంతా తెలిసినవాళ్లు కూడా రాయరు. తనకోసం రాసుకున్న స్క్రిప్టు తననే సతాయిస్తుంటే దాన్ని బగ్గు అనడానికి ఎవరికీ మనసొప్పదు.

లెక్క ఒకటితో మొదలా, సున్నాతోనా అన్నది చదివి తెలుసుకోకూడదు. విమ్‌లో లైనూ కాలమూ రెండూ ఒకటి నుంచే. నియోవిమ్ ఏపీఐలో కర్సర్ లైను ఒకటి నుంచి, కాలమ్ సున్నా నుంచి. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్లలో రెండూ సున్నా నుంచే. పక్కకు పడితే ఒకటి కలపాలి, ఇంకా పడితే ఒకటి తీసేయాలి. ఎందుకో కామెంటు పెట్టకూడదు.

పరీక్ష ఇంగ్లీషు అక్షరాలతోనే చేయాలి. ‘స్త్రీ’ కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. లైను ఆ మాటతో మొదలైతే, దాని పక్కనున్నది విమ్ లెక్కలో పంతొమ్మిదో కాలమ్. యూటీఎఫ్-16 యూనిట్లు లెక్కపెట్టే వీఎస్ కోడ్‌కు, సున్నా నుంచి మొదలుపెట్టి, ఆరోది. పదో బైటు దగ్గర కోస్తే రెండో పొల్లులో మూడో వంతు మిగిలి, తెరమీద చెత్త కనబడుతుంది. అప్పుడు ఫాంటును తిట్టాలి.

తీసేయాల్సిన లైన్ల నంబర్లు ముందే రాసుకుని పైనుంచి కిందికి తీయాలి. మొదటిది పోగానే మిగతా నంబర్లన్నీ తప్పి, ఉండాల్సినవి పోతాయి. కిందినుంచి పైకి వస్తే ఈ సరదా ఉండదు.

ఈమ్యాక్స్ వాడేవాళ్లు సేవ్-ఎక్స్‌కర్షన్ ఉంది కదా అని ధీమాగా ఉండవచ్చు. అది గుర్తు పెట్టుకున్న చోటు, చుట్టూ ఉన్న పాఠంతోపాటు జరుగుతుంది. అందుకే ఫార్మాటర్ ఇచ్చిన పాఠాన్ని, పాతదంతా చెరిపేసి ఆ స్థానంలో పెట్టాలి: ఆ గుర్తు ఫైలు మొదటికి కూలిపోతుంది. తేడా ఉన్నచోటే మార్చి కర్సర్‌ను కాపాడే రీప్లేస్-బఫర్-కంటెంట్స్ 26వ వెర్షన్‌లో వచ్చింది. పెద్ద ఫైళ్లలో అది నెమ్మదిస్తుందని 27లో గడువు పెట్టుకునే వీలూ ఇచ్చారు. గడువు దాటితే అదీ అంతా చెరిపేసి మళ్లీ పెట్టేస్తుంది.