దేవుణ్ణి మహిమపరచండి, పక్కఫ్లాటుకు వినబడేలా

దేవుడు హృదయాన్ని చూస్తాడంటారు. చూడనివ్వండి. మియాపూర్‌లో మనుషులు చూసేది కారు అద్దాన్ని. రోజువారీ బతుకులో దేవుణ్ణి మహిమపరచాలనుకునే విశ్వాసి అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ‘యేసు రక్షించును’ అని పెద్ద అక్షరాలతో స్టిక్కరు వేయించండి. వెనకొక్కటే చాలదు, ముందూ ఉండాలి. ఆల్విన్ చౌరస్తా దగ్గర యూటర్న్ దాకా పోయే ఓపిక లేక మీరు రాంగ్ రూట్లో వస్తారు గదా. ఎదురుగా వచ్చే బైకు కుర్రాడికి రక్షణ ఎంత అవసరమో ఆ క్షణంలో తెలిసినంతగా ఏ సువార్త సభలోనూ తెలియదు.

కారు లేనివాళ్ళకు మెట్రో ఉంది. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ హైదరాబాద్ మెట్రోను ప్రారంభించింది మన మియాపూర్ స్టేషన్లోనే. దానివల్ల విశ్వాసికి కలిగిన మేలు పత్రికలవాళ్ళు రాయలేదు గానీ, పెద్దదే. రైలు ఇక్కడే బయల్దేరుతుంది, సీటు ఖాయం. జేఎన్‌టీయూ దాకా ఫోన్ చూసుకోవచ్చు. కేపీహెచ్‌బీలో కడుపుతో ఉన్న అమ్మాయో, మోకాళ్ళ నొప్పుల పెద్దాయనో ఎక్కి మీ ముందు నిలబడతారు. సరిగ్గా అప్పుడే కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళాలి. అమీర్‌పేట దాకా తెరవకూడదు. పెదవులు కొద్దిగా కదుపుతూ ఉండండి, లేకపోతే నిద్ర నటిస్తున్నారనుకుంటారు.

అమీర్‌పేట మాట వచ్చింది కాబట్టి ఉద్యోగం సంగతి ఇక్కడే తేల్చుకుందాం. మూడేళ్ళ అనుభవం కావాలని కంపెనీ అడిగింది, మీకు అక్కడ చేసిన మూడు నెలల కోర్సే ఉంది. బెంగపడకండి. ఏమీ లేనిచోట లోకాన్ని సృష్టించిన దేవుడి పోలికలో మీరు పుట్టారు. ఏమీ లేనిచోట మూడేళ్ళు సృష్టించలేరా? కన్సల్టెన్సీకి డబ్బు కడితే ఎక్స్‌పీరియన్స్ లెటరు, పే స్లిప్పులు, ఫోన్ చేస్తే ‘అవునండీ, మా దగ్గరే చేశాడు’ అనే మేనేజరు, అన్నీ సమకూరతాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలైన రోజు నుంచి ఉపవాస ప్రార్థన పెట్టండి. సంఘమంతటినీ కలుపుకోండి. ప్రార్థన అంశం మాత్రం వివరంగా చెప్పొద్దు, ‘ఒక అడ్డు తొలగాలి’ అంటే చాలు. అందరూ ఆమెన్ అంటారు.

రిపోర్టు మంచిగా వచ్చాక ఆదివారం మైకు దగ్గరికి వెళ్ళి సాక్ష్యం చెప్పాలి. ఇందులో కొంచెం నేర్పు కావాలి. ‘నా సొంత తెలివి ఏమీ లేదు’ అనండి, అది నిజమే. ‘మనుషుల వల్ల అయ్యేది కాదు’ అనండి. కన్సల్టెన్సీ పేరు ఎత్తకండి. ఎత్తితే మీ తర్వాత సాక్ష్యం చెప్పాల్సిన నలుగురు ఇబ్బంది పడతారు. అదే ఇంటర్వ్యూలో ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న తమ్ముడు వెనక వరసలో కూర్చుని ఉంటాడు. ఆరాధన అయ్యాక భుజం మీద చెయ్యేసి, విశ్వాసంలో బలపడమని చెప్పండి.

ఉద్యోగం వచ్చాక పన్ను. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళు హెచ్‌ఆర్‌ఏ కోసం అద్దె రసీదులు పెట్టాలి. ఉంటున్నది నాన్న పేరు మీది ఫ్లాటే, పైసా అద్దె లేదు. అయినా రసీదు రాయండి. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు అడుగుతారు కాబట్టి నెలకు 8,333 రూపాయలు వేయండి. పన్నెండు నెలలకు 99,996 అవుతుంది. ఆ నాలుగు రూపాయల దూరంలో నిలబడగలగడమే వివేకం. కైసరుది కైసరుకు ఇవ్వమని ప్రభువు చెప్పాడు నిజమే గానీ, కైసరు రోజుల్లో హెచ్‌ఆర్‌ఏ లేదు.

దశమ భాగం గ్రాస్ మీద ఇవ్వాలా, నెట్ మీద ఇవ్వాలా? హైటెక్ సిటీ విశ్వాసులు ఈ ప్రశ్న మీద చేసిన ధ్యానం ఇంక దేని మీదా చేయలేదు. పీఎఫ్ కోసిన తర్వాతా? ఇంటి ఈఎంఐ కట్టాకా? బోనస్ లెక్కలోకి వస్తుందా? నా మాట వినండి, పైసలతో సహా లెక్క కట్టి ఇచ్చేయండి. అప్పుడు మనసు తేలికపడుతుంది, సాయంత్రం హాయిగా రైతుబజారుకు వెళ్ళొచ్చు. అక్కడ ఆకుకూరలామె దగ్గర ముప్పై రూపాయల తోటకూర కొని, ఒక కొత్తిమీర కట్ట, గుప్పెడు పుదీన ఊరికే వేయమనండి. వేయనంటే తోటకూర వెనక్కి పెట్టేయండి, వేస్తుంది. పుదీనలోనూ జీలకర్రలోనూ పదో వంతు చెల్లించి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్ళ గురించి మత్తయి సువార్తలో ఒక గద్దింపు ఉంది. మీరు పుదీన కొననే లేదు కాబట్టి అది మీకు తగలదు.

ఆదివారం గురించి జాగ్రత్తగా వినండి. ఇక్కడే చాలామంది తడబడతారు. వేలమంది చేరే కల్వరి టెంపుల్ మొదలు ఫ్లాటు హాల్లో పాతికమంది కూడే సంఘం దాకా, మన వైపు పొద్దున్నే ఆరాధన. మీరు వేళకు చేరాలంటే పనమ్మాయి ఆరింటికే రావాలి. గిన్నెలు, ఇల్లు తుడవడం, మధ్యాహ్నం బంధువులొస్తున్నారు కాబట్టి ఉల్లిపాయలు తరగడం. ఆమె కూడా విశ్వాసే. ‘అమ్మా, ఈ ఆదివారం మా గుళ్ళో ప్రభువు బల్ల ఉందమ్మా, పొద్దున రాలేను’ అంటుంది. కోప్పడకండి. ‘దేవుడు ఎక్కడైనా ఉంటాడు కదమ్మా’ అని మెల్లగా చెప్పండి. మీరు మాత్రం మందిరానికే వెళ్ళాలి, ఎందుకంటే మీరు క్వయర్‌లో ఉన్నారు.

విశ్రాంతి దినం మనకే కాదు, ఇంట్లో పనిచేసేవాళ్ళకూ పశువులకూ అని ఆజ్ఞలో ఉందని ఎవరైనా అంటే, మా ఫ్లాటులో పశువులు లేవు, ఆ ఆజ్ఞ మాకు పూర్తిగా వర్తించదు అనండి. నెల జీతం అయిదో తారీఖు తర్వాత ఇవ్వండి. ముందే ఇస్తే మానేస్తుందని అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళందరూ ఏకగ్రీవంగా నమ్ముతారు. సంఘ ఐక్యత ఇంత గట్టిగా మరెక్కడా కనబడదు. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది గానీ, దాని మీద ప్రసంగం మీరు విని ఉండరు. ఆ పుస్తకాన్ని ప్రసంగీకులు సాధారణంగా దాటేస్తారు, ఫర్వాలేదు.

ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమన్నాడు ప్రభువు. టూ బెడ్‌రూమ్ ఫ్లాటులో ఒక గదిలో అత్తగారు, రెండో గదిలో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు. కాబట్టి హాల్లో పెట్టండి, బాల్కనీ తలుపు తీసి, కీబోర్డు, ప్యాడ్స్, రెండు స్పీకర్లతో. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు కూడదని 2000లో వచ్చిన నిబంధనలు. అదే ఏడాది ఆగస్టులో మద్రాసులోని ఒక చర్చి కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే, పక్కవాళ్ళ ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదు అని తీర్పొచ్చింది. ఆ న్యాయమూర్తులు మన రాత్రి కూడికలకు ఎన్నడూ వచ్చినట్టు లేదు. పక్కఫ్లాటు పెద్దాయన బీపీ మాత్ర వేసుకుని తలుపు తడితే, శత్రువు అడ్డుపడుతున్నాడని మైకులోనే గద్దించండి. మర్నాడు లిఫ్టులో కనబడితే మాత్రం నవ్వండి, లేకపోతే సాక్ష్యం పాడవుతుంది.

పిల్ల పెళ్ళికి మ్యాట్రిమొనీలో ‘రక్షణ పొందిన కుటుంబం, కులం పట్టింపు లేదు’ అని రాయండి. ఫోన్ వచ్చినప్పుడు ఊరు అడగండి, పేట అడగండి, తాతగారి ఇంటిపేరు అడగండి. విషయం తెలిశాక, ప్రభువు చిత్తం కోసం కనిపెడుతున్నామని చెప్పి పెట్టేయండి. ఇంతకంటే మర్యాదగా కాదనడం లోకస్తులకు చేతకాదు.

దానధర్మాల దగ్గర పాతకాలం వాళ్ళు చేసిన పొరపాట్లు చేయకండి. ఒంగోలులో క్లౌ దొర ఉండేవాడు, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పనిచ్చి కూలి ఇచ్చాడు. వేలమంది కళ్ళెదుట ఉన్నారు, చెప్పింది వింటారు. అలాంటి అవకాశంలో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు! తిండి కోసం చేరారన్న మాట పడకూడదట. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తే అప్పుడు మొదలుపెట్టాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. మెదక్‌లో పోస్నెట్ దొర సంగతీ అంతే. కరువు రోజుల్లో ఊళ్ళవాళ్ళకు పని, తిండి దొరకాలని గుడి పని పెట్టించాడు. 1924 క్రిస్మస్ నాటికి గానీ ప్రతిష్ఠ కాలేదు. వీళ్ళకు ప్రచారం మీద శ్రద్ధే లేదు. మీరు అడ్డా మీద కూలీలకు యాభై బిర్యానీ పొట్లాలు పంచితే, పొట్లం అందుకునేవాడు కెమెరా వైపు తిరిగేదాకా వదలకండి. ముఖం తిప్పుకునేవాడికి ఆకలి లేదని అర్థం. స్టేటస్‌లో వచనం పైన, వాళ్ళ ముఖాలు మధ్యలో, మీ పేరు కింద.

ఇక కానుక. బలిపీఠం దగ్గరికి వచ్చాక, నీ మీద సోదరుడికి ఏదైనా కోపముందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు ప్రభువు. పార్కింగ్ విషయంలో రెండో ఫ్లోర్ ఆయనతో మీకు మాటల్లేవు. ఆరాధన మధ్యలో లేచి, ఆదివారం ట్రాఫిక్‌లో మియాపూర్ చౌరస్తా దాటి, ఆయన్ని లేపి, క్షమాపణ అడిగి మళ్ళీ వచ్చేసరికి ఆశీర్వాద ప్రార్థన కూడా అయిపోతుంది. అందుకే యూపీఐ వాడండి. ఇంటి దగ్గర సోఫాలో కూర్చునే పంపొచ్చు, బలిపీఠం దాకా వెళ్ళే పనీ, కోపం గుర్తొచ్చే ప్రమాదమూ ఉండవు. మందిరంలోనే స్కాన్ చేయాలనుకుంటే మాత్రం, క్యూఆర్ కోడ్ పక్కన సౌండ్‌బాక్స్ ఆన్‌లో ఉందో లేదో ముందు సంఘ సేవకుణ్ణి అడిగి తెలుసుకోండి. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదు గానీ, రెండో ఫ్లోర్ ఆయన భార్య మీ వెనక వరసలోనే కూర్చుంటుంది.