పేరయ్యకు ప్రమోషన్

వాల్‌స్ట్రీట్‌లో రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగులో పై మెట్టెక్కాలని ఉవ్విళ్లూరేవారికి శుభవార్త. అక్కడికి చేరాక తప్పు చేస్తామేమోనన్న బెంగే అక్కర్లేదు. అది తప్పని తేలేనాటికి మీరు ఇంకో బ్యాంకులో, ఇంకా పెద్ద జీతంతో ఉంటారు.

మెట్ల సంగతి చూద్దాం. అడుగున అనలిస్టు. రాత్రి రెండింటికి ప్రెజెంటేషన్ నలభయ్యో పేజీలో క్లయింటు లోగోను అర అంగుళం ఎడమకు జరపడం అతని విద్య. జరిగిందో లేదో చూసేవాడు అసోసియేటు. ఆపైన వైస్ ప్రెసిడెంటు. అమెరికా దేశం మొత్తానికి వైస్ ప్రెసిడెంటు ఒక్కరే. పెద్ద బ్యాంకుకైతే వేలమంది. అందరికంటే పైన మేనేజింగ్ డైరెక్టరు. ఈయనకు లెక్కలతో పనిలేదు. చేతిలో ఫోను, జేబులో విమానం టికెట్టు, నోట్లో విందు. ఎవరి దగ్గర అమ్మకానికి భవనాలున్నాయో, ఎవరికి కొనాలని దురద పుట్టిందో కనిపెట్టి ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. మన ఊళ్లలో పెళ్లిళ్ల పేరయ్య చేసేదీ ఇదే. కాకపోతే ఆయనకు ఎంబీఏ లేదు.

కొన్ని బ్యాంకుల్లో ఈ విభాగం బోర్డు మీద ‘రియల్ ఎస్టేట్, గేమింగ్, లాడ్జింగ్’ అని ఉంటుంది. గేమింగంటే కాసినోలు. వాల్‌స్ట్రీట్‌లో ఇంత నిజాయితీగా రాసుకున్న బోర్డు ఇంకొకటి ఉండదు.

ఇక విద్యారహస్యం. ఒక భవనానికి ఖర్చులు పోను ఏడాదికి 100 కోట్ల అద్దె వస్తోందనుకోండి. కొనేవాడు 5 శాతం రాబడి చాలంటే దాని ధర 2,000 కోట్లు. ఇప్పుడు ఎక్సెల్‌లో ఆ గడిలోకి వెళ్లి 5 చెరిపి 4 కొట్టండి. ధర 2,500 కోట్లు! ఇటుక పేర్చలేదు, సున్నం వెయ్యలేదు, లిఫ్టు బాగుచెయ్యలేదు. 500 కోట్లు పుట్టుకొచ్చాయి. ఆ గడి పేరు క్యాప్ రేటు. 4 ఎందుకు కొట్టారని క్లయింటు అడిగితే నదురూ బెదురూ లేకుండా జవాబు చెప్పడానికే మేనేజింగ్ డైరెక్టరుకు బోనస్. ‘పక్క వీధిలో అంతకే పోయింది కదండీ’ అంటాడాయన. పక్క వీధిది అమ్మించిందీ ఆయనే.

ఈ విద్య పండిన రోజులు 2006, 2007. మన్‌హటన్‌లోని స్టైవసెంట్ టౌన్, దాన్ని ఆనుకున్న పీటర్ కూపర్ విలేజ్ కలిపి 11 వేల పైచిలుకు అపార్ట్‌మెంట్లు. 2006లో టిష్మన్ స్పేయర్, బ్లాక్‌రాక్ కలిసి వాటిని 540 కోట్ల డాలర్లకు కొన్నాయి. చట్టం అదుపులో ఉన్న అద్దెలు చకచకా పెరుగుతాయని లెక్కలు వేసుకున్నారు. అద్దెకున్నవాళ్లు ఆ లెక్క చదవలేదు కాబోలు, కోర్టుకెళ్లి గెలిచారు. 2010 జనవరిలో ఆస్తి అప్పులవాళ్ల పాలైంది. అందులో 50 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నది కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి. గుమాస్తా పింఛను ఇంకిపోయింది గానీ, సంతకాలనాడు పుచ్చుకున్న ఫీజు వెనక్కిచ్చినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా వినపడదు.

2007 ఫిబ్రవరిలో బ్లాక్‌స్టోన్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ 3,900 కోట్ల డాలర్లకు ఈక్విటీ ఆఫీస్ అనే ఆఫీసు భవనాల కంపెనీని కొంది. కొన్న చేత్తోనే మన్‌హటన్‌లోని ఏడు టవర్లను హ్యారీ మాక్లో అనే బిల్డరుకు సుమారు 700 కోట్ల డాలర్లకు అంటగట్టింది. అందులో ఆయన సొంత సొమ్ము 5 కోట్లు, మిగతాదంతా అప్పు. ఏడాది తిరిగేసరికి టవర్లు అప్పిచ్చినవాళ్ల చేతికెళ్లాయి. అవే భవనాలు, అవే గోడలు. చేతులు మారిన ప్రతిసారీ ఫీజు.

లీమన్ బ్రదర్స్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు మరో అడుగు ముందుకేసింది. 2007 అక్టోబరులో ఆర్చ్‌స్టోన్ అపార్ట్‌మెంట్ల కంపెనీని 2,220 కోట్ల డాలర్లకు కొనే బేరంలో టిష్మన్ స్పేయర్‌తో జతకట్టి తానూ వాటాదారై కూర్చుంది. పేరయ్యే పెళ్లిపీటల మీదికెక్కాడన్నమాట. ఏడాది నిండకుండానే, 2008 సెప్టెంబరు 15న దివాలా. దానికి ఈ ఒక్క సంబంధమే కారణం కాదు గానీ, ఇదీ ఓ చెయ్యి వేసింది.

ఇంత జరిగినా ‘ఈ ధరకు కొనొద్దు బాబూ’ అన్న పెద్దమనిషి ఒక్కడూ ఎందుకు లేడు? దానికి జవాబు వాళ్ల ఉద్యోగాల్లోనే ఉంది. ఈ విభాగంలో పదిహేనేళ్లు పాతుకుపోయినవాణ్ణి పక్క విభాగాలు రానివ్వవు. భవనాల లెక్క తప్ప ఇంకో లెక్క రాదని వాళ్ల ఎగతాళి. ఇక మిగిలిన దారులు మూడు. ఏదో ఒక రీట్‌లో (అద్దె భవనాలను సొంతం చేసుకుని, వచ్చిన ఆదాయాన్ని వాటాదారులకు పంచే సంస్థ) సీఎఫ్‌వో కుర్చీ, ప్రైవేట్ ఈక్విటీ ఫండులో చోటు, లేదంటే సొంత దుకాణం. మూడు తలుపుల తాళాలూ క్లయింట్ల చేతుల్లోనే. ఇవాళ ‘వద్దు’ అంటే ఫీజు పోవడమే కాదు, రేపటి ఉద్యోగానికీ ఎసరే. అందుకే హోదా పెరిగేకొద్దీ ఆ మాట నోట్లోంచి ఊడిపడదు.

నిజం చెప్పేది వడ్డీ ఒక్కటే. 2022 మార్చిలో సున్నాకు ఆనుకుని ఉన్న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ రేటు 2023 జులైకి 5.25–5.50 శాతానికి ఎగబాకింది. 6 శాతానికి అప్పు తెచ్చి 4 శాతం రాబడి భవనం కొనే అమాయకుడు దొరకడం కష్టమైంది. బేరాలు ఎండిపోయాయి. పేరయ్యలు పక్క గదిలోకి మారి ‘రీస్ట్రక్చరింగ్ సలహాదారు’ బోర్డు తగిలించుకున్నారు. పెళ్లి చేసినందుకు ఒక ఫీజు, విడాకులిప్పించినందుకు ఇంకొకటి.

భవనాల్లో వాటాలమ్మే ఈ గాలి మన హైదరాబాద్ మాదాపూర్‌కీ వచ్చింది. 2020 ఆగస్టులో లిస్టయిన మైండ్‌స్పేస్ రీట్ పుణ్యమా అని అక్కడ కోడు రాసుకునే కుర్రాడు తాను కూర్చున్న క్యాంపస్‌లోనే ఓ పిసరు వాటా కొనుక్కోవచ్చు. శుభం. అయితే ఏ రీట్‌లోనైనా ఆ 4, 5ల గడిలో అంకె ఎవరు కొట్టారో, ఏ లెక్కన కొట్టారో చూసి మరీ కొనడం ఒంటికి మంచిది.

ఊళ్లో పేరయ్యకు కాస్త భయమైనా ఉంటుంది. కాపురం చెడితే పిల్ల తండ్రి రచ్చబండ దగ్గర చొక్కా పట్టుకుంటాడు. మేనేజింగ్ డైరెక్టరుగారి చొక్కా యాభయ్యో అంతస్తులో ఉంటుంది; పింఛను గుమాస్తా చేతికి అందదు. కాబట్టి ఒక్క షరతు పెట్టి చూడండి. ఫీజులో సగం సంతకాలనాడు, మిగతా సగం అయిదేళ్ల తర్వాత, అదీ భవనం అప్పు కడుతూ నిలబడితేనే. వారం తిరక్కుండా ఎన్ని పెద్ద కుర్చీలు ఖాళీ అవుతాయో చూద్దురుగాని. ఈ రంగంలో పై స్థాయి ఉద్యోగావకాశాలు నిజంగా పెరగాలంటే అంతకుమించిన మార్గం లేదు.