మా ఇంట్లో రెండో ట్రాన్స్‌పోర్టు

తాండూరులో ఎవరితోనైనా "ట్రాన్స్‌పోర్టు పని చేస్తున్న" అనండి, రెండే ప్రశ్నలు వస్తాయి. ఎన్ని లారీలున్నయి? సొంతమా, ఫైనాన్సా?

నేను చేసేదీ ట్రాన్స్‌పోర్టే. కాకపోతే నాకు ఒక్క టైరు కూడా లేదు. నేను శాప్ సాఫ్ట్‌వేర్ మనిషిని. పెళ్లిచూపుల రోజుల్లో ఇదంతా ఎవరికి విప్పి చెప్పాలని అమ్మ "హైదరాబాద్‌ల ట్రాన్స్‌పోర్టు" అని తేల్చేసింది. ఆనాటి నుంచి మా అత్తగారి ఊళ్లో ఎవరు ఇల్లు మారినా లారీ కోసం ఫోన్ నాకే.

మా నాయిన ముప్పై ఏళ్లు నాపరాళ్ల లారీలకు బిల్టీలు, అంటే సరుకు వివరం రాసే రసీదులు, రాశాడు. ఓ రోజు కూర్చోబెట్టి అడిగాడు.

"నీ మాల్ ఏంది బిడ్డా?"

"మార్పులు నాయినా."

"తూకమెంత?"

అక్కడి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 1972లో జర్మనీలో ఐబీఎం ఉద్యోగం వదిలేసిన ఐదుగురు పెట్టిన కంపెనీ శాప్. ఫ్యాక్టరీలో కొనుగోళ్లు, అమ్మకాలు, జీతాలు, జమాఖర్చులు అన్నీ అందులోనే. ఏ డీలరుకు ఎన్నిరోజుల అరువు, ఏ సరుకుకు ఏ పన్ను, ఎవరి సంతకం లేనిదే ఏది కదలకూడదు అన్న కట్టుబాట్లు మాత్రం ఏ కంపెనీవి ఆ కంపెనీ పెట్టుకోవాలి. దాన్నే కాన్ఫిగరేషన్ అంటాం. నడుస్తున్న సిస్టంలో నేరుగా చెయ్యి పెట్టనివ్వరు. డెవలప్‌మెంట్ అనే సిస్టంలో చేసి, క్వాలిటీ అనే సిస్టంలో పరీక్షించి చూసి, అసలు పని నడిచే ప్రొడక్షన్‌కు పంపాలి. ఆ పంపడాన్నే మేం ట్రాన్స్‌పోర్టు అంటాం.

"తాండూరుల ఎక్కి, వికారాబాద్‌ల ఆగి, సికింద్రాబాద్‌ల దిగినట్టు నాయినా."

"వికారాబాద్‌ల ఎందుకు ఆగుడు?"

"జంక్షన్ కదా! అటు పర్లీ నుంచి వచ్చేటోళ్లు కూడా ఆడనే కలుస్తరు. తగులుకోకుండ చూస్కోవాలె."

నిజానికి మూడు నిమిషాల మార్పు క్వాలిటీలో మూడు వారాలు ఆగుతుంది. అక్కడ బాగానే ఉండి ప్రొడక్షన్‌లో చెడితే మావాళ్లందరి నోటా ఒకటే మాట: "నా దగ్గర మంచిగనే పనిచేసింది!" అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీని హైదరాబాద్ వంతెన మీద నిలబెట్టి అడిగినా ఆ మాటే చెబుతుంది.

మార్పులన్నీ ఒక రిక్వెస్టులో మూటకడతాం. అది ఏ సిస్టంలో పుట్టిందో దాని నంబరు మొదటి మూడక్షరాలే చెబుతాయి. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చాక మా తాండూరు కంది పుట్టిన ఊరు చెప్పుకున్నట్టు. రిక్వెస్టును రిలీజ్ చేయడమంటే తాడు బిగించడం. ఆ తర్వాత గింజ కూడా అందులో చేర్చలేం. అప్పుడు రెండు ఫైళ్లు తయారవుతాయి. ఒకదాంట్లో అసలు సరుకు, రెండోదాంట్లో దాని వివరం.

"అంటే ఒకటి మాలు, ఒకటి బిల్టీ," అన్నాడు నాయిన. పుస్తకాల్లో పది పేజీలు చదివినా నాకింత తేటగా తెలియలేదు.

మూట అవతలి సిస్టంకు చేరాక దానికి మార్కులు కూడా వస్తాయి. సున్నా వస్తే ఫస్టు క్లాసు. నాలుగైతే హెచ్చరిక, ఎనిమిదైతే తప్పు, పన్నెండైతే ఇంటికి ఫోన్ చేసి రాత్రికి రానని చెప్పడమే. "మా బళ్లె నీకు సున్నాలొస్తే ఊకెనే కొట్టిన," అని నాయిన బాధపడ్డాడు.

ఇక్కడే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆయన లారీలో ముందు దిగాల్సిన సరుకు చివర ఎక్కాలి. మా దగ్గర ముందు కట్టిన మూటే ముందు పోవాలి. ఓసారి డీలరు అరువు గడువు ముప్పై రోజులని ఒక మూట కట్టాను. వారానికి పైవాళ్లు పదిహేను చాలన్నారు, రెండో మూట కట్టాను. తొందరలో రెండోది ముందు పంపి, మొదటిది తర్వాత పంపాను. పాతది వచ్చి కొత్తదాని నెత్తిన కూర్చుంది. డీలర్లు మాత్రం నన్ను దీవించారు.

అంతకన్నా ఘోరం ఒక శుక్రవారం సాయంత్రం జరిగింది. మేం సరుకు దించుకునే తెరలో నిజంగానే లారీ బొమ్మలుంటాయి. సగం నిండిన లారీ నొక్కితే మనం ఎంచుకున్న మూటే పోతుంది. నిండు లారీ నొక్కితే వరుసలో ఉన్నవన్నీ పోతాయి. తాండూరులో పుట్టినవాడి వేలు సగం లారీ మీదికి ఎట్లా పోతుంది? నిండుదే నొక్కాను. వరుసలో ఒక సహోద్యోగి సగం చేసి వదిలేసిన మూటా ఉంది. శనివారం పొద్దున్నుంచి బయటికెళ్లిన ప్రతి బిల్లు అడుగునా "ఇది ఉత్త ట్రయల్, పట్టించుకోవద్దు" అని అచ్చయింది. కొన్నవాళ్లు పట్టించుకోలేదు. డబ్బులడిగితే బిల్లే చూపించారు.

"రివర్స్ గేర్ ఏయకపోయినవ్?" అన్నాడు నాయిన.

"మా లారీకి రివర్స్ గేర్ ఉండదు నాయినా. తప్పు దిద్ది ఇంకో లోడు పంపాల్సిందే."

ఆయన చాలాసేపు నవ్వలేదు. "పగిలిన బండ గూడ అంతే. అతుకు పెట్టరు, ఇంకోటి పంపుతరు," అన్నాడు.

ఆ తర్వాత నిండు లారీ పనిచేయకుండా మా పెద్దలు సెట్టింగే మార్చేశారు. ఆ సెట్టింగు పేరు నో ఇంపోర్ట్ ఆల్. నాలాంటివాళ్లు ప్రపంచమంతా ఉన్నారన్న మాట.

చివరికి బిల్లు నంబర్ల సంగతి చెప్పాను. ఆ వరుసను మూటలో పంపకుండా అక్కడికక్కడ చేత్తో పెట్టుకుంటాం, ఎందుకో అర్థమయ్యేసరికి నాకు రెండేళ్లు పట్టింది అన్నాను. నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే, "బిల్టీ బుక్కు ఊరికొకటి ఉంటది గద! ఈడి నంబరు ఆడ రాస్తే లెక్క నిలుస్తదా?" అన్నాడు.

ఆ మాటతో అమ్మ చెప్పింది అబద్ధం కాదని ఒప్పేసుకున్నాను.

మొన్న మా పెద్దమామ ఫోన్ చేశాడు. "అల్లుడూ, ఎల్లుండి ఇల్లు మారుతున్నం. లారీ పంపుతవా?"

నేను నోరు తెరిచేలోగా పక్కనుంచి నాయిన అరిచాడు: "నిండు లారీ ఆనికి ఇయ్యకుండ్రి!"