నలభై రెండు చక్రాల కొలువు

బరంపురంలో తెలుగువాళ్ళున్న ఏ వీధిలోనైనా ఒక అట్టపెట్టెల తాతగారు ఉంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు. బజారులో అందరూ సరుకు చూస్తుంటే ఆయన సరుకొచ్చిన పెట్టెను చూస్తుంటారు. భార్యతో పట్టుచీరల దుకాణానికి వెళ్తే, చీర రంగు గురించి ఆవిడ అడిగినదానికి "బాగుంది" అనేసి, దుకాణదారుతో మాత్రం "ఈ పెట్టెలో ఇంకాస్త పెద్దది లేదా బాబూ?" అని బేరం మొదలుపెడతారు. ఎం.కె.సి.జి. ఆసుపత్రి దగ్గరి మందుల షాపులవాళ్ళకి ఆయన మందు కొనని ఖాతాదారు. సెలైన్ సీసాలొచ్చే పెట్టెలంటే ప్రాణం. గోటితో అంచు నొక్కి చూసి "ఐదు పొరలు" అంటారు, మనం వజ్రం గురించి కూడా అంత గౌరవంగా మాట్లాడం.

మా వీధి తాతగారి ఉద్యోగమంతా ఛత్రపురం కలెక్టరాఫీసులో. పొద్దున్న రైల్లో పోవడం, సాయంత్రం రైల్లో రావడం. రిటైరయ్యాక ఆఫీసు పోయింది గాని అలవాటు పోలేదు. పైన ఒక అధికారి లేకుండా బతకడం ఆయనకి చేతకాలేదు. మనవరాలికి ఏడేళ్ళు రాగానే ఆ ఖాళీ భర్తీ అయింది.

"పిల్లలతో కలిసి బొమ్మలు చేస్తున్నాను" అని ఆయన వీధంతా చెప్పుకుంటారు. నమ్మకండి. పిల్లలు ఆర్డరు వేస్తారు, ఆయన చేస్తారు, పిల్లలు తనిఖీ చేస్తారు. కత్తెర పదునుగా ఉంటుందనీ, బ్లేడు ప్రమాదమనీ, జిగురు వేడిగా ఉందనీ ఆయనే పిల్లల చేతికి ఏదీ ఇవ్వరు. దాంతో వాళ్ళకి మిగిలిన పని పర్యవేక్షణ ఒక్కటే. ఆ పని వాళ్ళు ఎవరూ నేర్పకుండానే బాగా చేస్తారు.

రథయాత్ర వస్తోందంటే మొదలు. ఇక్కడి సందుల్లో పిల్లలు చిన్న రథాలు చేసి లాగుతారు కదా, అందుకు మూడు రథాలకి ఆర్డరు పడింది. తాతగారు పాత గుమాస్తా. పని తగ్గించే దారి తెలుసు. రథానికి నాలుగేసి చక్రాలు తగిలించి, పైన రంగుకాగితం అంటించి, చక్రాల మీదికి చూపు పోకుండా జెండాలు ఎత్తుగా పెట్టి తెచ్చారు. పక్కింటి ఒడియా కుర్రాడి అమ్మమ్మగారిది పూరీ. వాడు వంగి కిందికి చూశాడు.

"జగన్నాథుడి నందిఘోషకి పదహారు ఉండాలి తాతా. బలభద్రుడి తాళధ్వజానికి పద్నాలుగు. సుభద్రమ్మ దర్పదళనానికి పన్నెండు."

మనవరాలు వేళ్ళమీద లెక్క కట్టింది. "మొత్తం నలభై రెండు. ముప్పై బాకీ."

"నాలుగున్నా నడుస్తాది కదమ్మా?"

"నడుస్తాది. అలాగైతే తోపుడుబండి అంటారు తాతా. దేవుడేటి, కూరలమ్ముతాడా?"

ఇక మూడు రోజులు ఇంట్లో చక్రాల ఫ్యాక్టరీ. ఒక్క విషయం ఒప్పుకోవాలి, ఆయనకి అట్ట తెలుసు. లోపల అలలు అలలుగా ఉండే కాగితం ఎటు పోతోందో ఆ వైపుకి అట్ట సులువుగా మడత పడుతుంది, అడ్డంగా మొండికేస్తుంది. అందుకని స్టీలుగ్లాసు బోర్లించి గుండ్రాలు గీసి, మూడేసి కోసి, ఒకదాని అలలకి ఇంకోదాని అలలు అడ్డం పడేలా అంటిస్తారు. అలాంటి చక్రం మీద ఇటుక పెట్టినా వంగదు. ఇరుసులకి గొడుగు ఊచలు. రథయాత్ర ఆషాఢంలో వస్తుంది, ఆషాఢంలో వాన వస్తుంది, వాన రాగానే మామ్మగారు గొడుగు తీస్తారు. ఆ తరువాతి సంభాషణ ఇక్కడ రాయదగింది కాదు.

జిగురు దగ్గర ఇంకో తగువు. "ఫెవికాల్ డబ్బా ఎంతండీ?" అని మామ్మగారు. "సంప్రదాయం వెలెంతే?" అని ఈయన. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడికించిన జిగురే వాడతారు. ఒడిశాలో గంజపా పేకముక్కలు చేసే చిత్రకారులు పాతగుడ్డ పొరల్ని ఈ జిగురుతోనే అంటించి, సుద్ద పూసి, ఆరాక గుండ్రంగా కోసి బొమ్మలు వేస్తారు. అది నిజమే. అయితే పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలపడం బైండింగువాళ్ళ పద్ధతి. అది విషం, పిల్లలున్న ఇంట్లో కలపకూడదు. కలపకపోతే బొద్దింకలు పండగ చేసుకుంటాయి. బొద్దింకలే అనుకున్నాం. రథాల్ని ఎండ పొడ వచ్చిన కాసేపు వీధరుగు మీద ఆరబెడితే, దర్పదళనాన్ని ఆవు తినేసింది. మిగిలిన రెంటినీ నాకి చూసి వదిలింది.

కాపలా ఎవరిదని మనవరాలు అడిగింది. తాతగారు నీళ్ళు నమిలారు. "రాసియ్యి" అంది. ఒక పాత పెళ్ళిపత్రిక వెనక ఆయన ఇచ్చిన సంజాయిషీ నేను స్వయంగా చూశాను: గోవు రాక ముందుగా తెలియరాలేదనీ, ఇకముందు ఇటువంటివి పునరావృతం కాకుండా చూసుకుంటాననీ, కింద సంతకం, తేదీ.

పెళ్ళిపత్రికల గొడవ వేరే ఉంది. బరంపురంలో ముహూర్తాల నెలల్లో ఇంటికి వచ్చే పత్రికల దళసరి చూస్తే, ఆయన కళ్ళకి వధూవరుల పేర్లు ఆనవు. నాలుగు మూలలా పసుపు ఉన్న భాగం తీసేసి, మధ్యలోంచి గుండ్రాలు కోసి గంజపా జత చేశారు. ఎనిమిది రంగులు, రంగుకి పన్నెండు: ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఒక మంత్రి, ఒక రాజు, వెరసి 96 ముక్కలు. మావాళ్ళ అబ్బాయి పెళ్ళి ఎప్పుడో ఆ పత్రిక చూసి చెప్పమంటే, ముహూర్తం నీలంరంగు మంత్రి వీపున దొరికింది. ఆటకి నలుగురు కావాలి. పిల్లలు ముగ్గురున్నారు కదా అని ఈయన చేతులు తుడుచుకుని వచ్చేసరికి నాలుగో చోట మామ్మగారు కూర్చుని ఉన్నారు. ఈయనకి లెక్కలు రాసే పని ఇచ్చారు. మామ్మగారు గెలుస్తూనే ఉన్నారు.

ఆవిడ ముందు ఆయన దగ్గరున్న ఆయుధాలు రెండు. ఒకటి అరవింద్ గుప్తా: కాన్పూర్ ఐ.ఐ.టి.లో చదివి, చెత్తలోంచి ఆటబొమ్మలు చేసి చూపించిన మనిషికి 2018లో పద్మశ్రీ ఇవ్వలేదా? రెండోది అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో చెప్పింది: న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊళ్ళో స్ట్రాంగ్ మ్యూజియంలో గొప్ప ఆటవస్తువులకి ఒక కీర్తిమందిరం ఉంది, 2005లో అందులోకి అట్టపెట్టెని చేర్చుకున్నారు. ఆ రోజు తాతగారు తనకే సన్మానం జరిగినట్టు శాలువా కప్పుకుని తిరిగారు. "పెట్టెకిచ్చారండీ, మీక్కాదు" అన్నారు మామ్మగారు.

మొన్న వీధి చివర ఎవరో రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నారు. థర్మోకోల్ ఇంకా విప్పకముందే ఇద్దరు తాతగార్లు గేటు దగ్గర తయారు: మావాడు, వెనకవీధాయన. నేను ముందొచ్చానంటే నాకు మాటిచ్చారని వాదన. చివరికి సీనియారిటీ ప్రకారం, అంటే ఎవరు ముందు రిటైరయ్యారో చూసి, పెట్టె మావాడికి వచ్చింది. ఊళ్ళో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో పెట్టే రథాల్లాగా కొలువు మండపం కడతానని పెన్సిలుతో ప్లాను గీశారు, కొలతలు రాశారు, బ్లేడు కోసం లోపలికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి పెట్టె మూతలు మూసి ఉన్నాయి. లోపల పిల్లలు. బయట సుద్దముక్కతో తెలుగులోనూ ఒడియాలోనూ 'ఆఫీసు' అని రాసి ఉంది.

తాతగారు వేలితో అట్ట మీద తట్టారు. కొలతల కాగితం చూపించాలన్నారు.

మూత కొద్దిగా తెరుచుకుంది. ఒక చిన్న చెయ్యి బయటికొచ్చి కాగితం అందుకుంది.

"పెట్టి వెళ్ళు తాతా. సార్ మీటింగులో ఉన్నారు."