ఓ మేస్త్రీ, రేపు రా!

అల్లవరం మండలంలో మీ డాబా గురించి మీకంటే ఎక్కువ బెంగపెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. మీ ఊరివాడు కాదు, మీకు చుట్టమూ కాదు. అయినా గోడిలో ఎవరి పిట్టగోడ బీటలిచ్చిందో, కొమరగిరిపట్నంలో ఎవరి వసారా కప్పు పెచ్చులూడుతోందో ఆయనకి నోటిలెక్క. పొద్దున్న పదకొండింటికి, అంటే కుర్రాళ్లంతా పనుల్లోకి పోయి ఇళ్లలో పెద్దాళ్లు మాత్రమే మిగిలే వేళకి, మోటారుసైకిలు దిగుతాడు. మెడలో ట్యాగు, భుజాన సంచి, చేతిలో ఓ చిన్న యంత్రం.

"అమ్మమ్మగారండీ, పక్క వీధిలో పనిచేసి ఎళ్తన్నామండి. మీ స్లాబు సూస్తే మనసొప్పలేదండి. ఊరికే సూసిపెడతామండి, ఆయ్."

ఎంత సేవాభావం! వీధికాలవ పూడిపోయిందని ఏ ఆఫీసులోనైనా అర్జీ పెట్టి చూడండి, వచ్చి చూసేవాడు దొరకడానికి ఎన్ని వర్షాకాలాలు పడుతుందో. ఈయనకి అర్జీ అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు. గడప దగ్గరే ప్రభుత్వం నడిపేస్తున్నాడు. కోనసీమ జిల్లా ఏర్పడిన 2022 నుంచి ఇప్పటిదాకా ఈయనకి ఉత్తమ సేవకుడి ప్రశంసాపత్రం ఎందుకు ఇవ్వలేదో నాకైతే అర్థం కాదు.

ఆయన మొదట చెప్పేది అబద్ధం కూడా కాదు, అదే ఆయన పెట్టుబడి. ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలిసేచోటు నుంచి లోపలికి వచ్చే గాలిలో ఉప్పుంటుంది. ఆ ఉప్పు కాంక్రీటులోకి చెమ్మతోపాటు దిగి ఊచలకి తుప్పు పట్టిస్తుంది. తుప్పుకి ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకని లోపల్నుంచి కాంక్రీటుని నెట్టేస్తుంది. పెచ్చులూడటం అంటే అదే. 1996 నవంబరు 6 తుఫానుకి తోటలకి తోటలు నేలకొరగడం కళ్లారా చూసినవాళ్లు, తాటాకూ పెంకూ వద్దు మొర్రో అని, కువైట్‌లో పిల్లలు పంపిన డబ్బుతోనో, కొబ్బరి అమ్ముకున్న డబ్బుతోనో స్లాబు వేయించుకున్నారు. ఆ స్లాబులకి ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. పిల్లలు డల్లాస్‌లో ఉన్నారు, దోహాలో ఉన్నారు, మరీ దగ్గరంటే హైదరాబాద్‌లో ఉన్నారు. ఇంట్లో ఇద్దరుంటారు, వాళ్లలో ఒకరికి మోకాళ్లు పనిచెయ్యవు, ఇంకొకరికి చూపు ఆనదు. మెట్లెక్కి పైన ఏముందో చూసి ఏళ్లయింది. పైనేముందో చూసొచ్చి చెప్పేవాడు దేవుడే మరి.

ఇక్కడ ఆ యంత్రం గురించి ఒక మాట. రెండు మేకుల్లాంటి మొనలుంటాయి, గోడకి గుచ్చితే కూస్తుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. చెమ్మని కొలిచే మీటరు అది, బజారులో దొరికే నిజమైన పరికరమే. ఆ రెండు మొనల మధ్య కరెంటు ఎంత సులువుగా పారితే అంత చెమ్మ ఉన్నట్టు లెక్క కడుతుంది. ఉప్పు పట్టిన గోడలో కరెంటు మామూలు గోడలోకంటే బాగా పారుతుంది. కాబట్టి అల్లవరంలో ఈ యంత్రాన్ని దాదాపు ఏ గోడకి గుచ్చినా కూస్తుంది. నడి వేసవిలో పొడిగా ఉన్న గోడకి గుచ్చినా కూసే అవకాశం ఉంది. ఆ కూత వినగానే పెద్దావిడ గుండె ఝల్లుమంటుంది. "ఊచలు తినేసిందండి. ఈ వానాకాలం దాటదండి" అంటాడు, గొంతు తగ్గించి, ఆసుపత్రిలో పెద్ద డాక్టరు బంధువులని పక్కకి పిలిచినట్టు.

వెంటనే శుభవార్త కూడా చెబుతాడు. పక్కూళ్లో పెద్ద బిల్డింగుకి తెచ్చిన కెమికల్ కొంచెం మిగిలిపోయింది. డబ్బా తెరిచాక రేపటికి పనికిరాదు. కనక ఇవాళే, ఇప్పుడే అయితే, లీటరు మూడొందలే. మామ్మగారి చెవిలో 'మూడొందలే' పడుతుంది, 'లీటరు' పడదు. ఇద్దరు కుర్రాళ్లు పైకెక్కి చీపురుతో తెల్లటి నీళ్లేవో పూసి గంటలో దిగొస్తారు. "నలబై లీటర్లు పట్టేసిందండి, మీ స్లాబు బాగా దాహంగా ఉందండి." పన్నెండు వేలు. నలభై లీటర్లు పోశాడో నాలుగు లీటర్లు పోశాడో చూసింది పిట్టగోడ మీద కాకి ఒక్కటే. పదేళ్ల గ్యారంటీ మాత్రం అచ్చు కాయితం మీద ఇస్తాడు. గ్యారంటీ పదేళ్లది, కింద ఉన్న ఫోన్ నంబరు పదిరోజులది.

అసలు పనేమిటో చెబితే ఆయన ఆ పక్కకి కూడా రాడు. ఊడిన కాంక్రీటు కొట్టేయాలి, ఊచని తీగబ్రష్షుతో రుద్ది తుప్పు తీసెయ్యాలి, తుప్పు పట్టని పూత వెయ్యాలి, ఊచ మరీ సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి, అప్పుడు తాపీ. దుమ్ము, చప్పుడు, రోజుల తరబడి పని. పైన తెల్లనీళ్లు పోస్తే లోపలున్న తుప్పుకి వచ్చే నష్టమేం లేదు, హాయిగా తన పని తను చేసుకుపోతుంది.

ఈయనకి అవతారాలు చాలా ఉన్నాయి. నగలకి మెరుగుపెట్టే అవతారం పాతది, అందరికీ తెలిసినదే: ముందు ఇత్తడి చెంబు తళతళలాడించి చూపిస్తాడు, తర్వాత గొలుసుని పసుపునీళ్ల డబ్బాలో వేసి "అరగంట దాకా మూత తియ్యకండమ్మా" అంటాడు, బంగారాన్ని కరిగించే యాసిడ్‌లో సగం తూకం అప్పటికే పోయుంటుంది. కరెంటు బిల్లు సగం చేస్తానని ప్లగ్గులో పెట్టే డబ్బా అమ్మేవాడు ఇంకొకడు. అందులో ఓ కెపాసిటరూ ఓ పచ్చదీపమూ ఉంటాయి, ఇంటి మీటరు యూనిట్లని లెక్కపెడుతుంది కాబట్టి దానివల్ల తగ్గేది ఏమీ లేదు, పైగా ఆ పచ్చదీపం ఖర్చు మీదే. వాస్తు కోసం మెట్లు పడగొట్టించేవాడి జోలికి నేను పోను, ఆయనకి భక్తులున్నారు.

గ్యాసుపొయ్యి అవతారం దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. 1995 జనవరిలో మొదలైన పాశర్లపూడి గ్యాసుబావి బ్లోఅవుట్ రెండు నెలలకి పైగా మండటం ఆకాశంలో చూసిన సీమ ఇది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా పోయారు. ఇలాంటి చోట కంపెనీ చొక్కా తొడుక్కున్నవాడు వంటింట్లోకొచ్చి, రబ్బరు గొట్టం దగ్గర ముక్కుపెట్టి "లీకవుతోందండి" అంటే, ఏ పెద్దావిడ ప్రశ్నలు వేస్తుంది? వాడు అమ్మేది గొట్టం కాదు, ఆ తెల్లవారుజామున్నే మళ్లీ అమ్ముతున్నాడు. నిజంగా వాసనొస్తే ఫోన్ చెయ్యాల్సిన నంబరు 1906. నిజంగా తనిఖీకి వచ్చినవాడైతే, మీరు సిలిండరు పుస్తకం మీదున్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కునేదాకా అరుగు మీద కూర్చుంటాడు. కానివాడికి అప్పుడే ఎక్కడో అర్జెంటు పని గుర్తొస్తుంది.

ఇక మన రక్షణ ఏర్పాట్లు చూద్దాం. ఒక కరపత్రం: 'అపరిచితులతో అప్రమత్తంగా ఉండండి.' ఎంత అద్భుతమైన సలహా! అప్రమత్తంగా ఎలా ఉండాలో మాత్రం రాయరు. కనుబొమలు ముడవాలా? అపరిచితుడు అపరిచితుడిలా వస్తే కదా. "అమ్మమ్మగారండీ" అంటూ వస్తాడు. అరుగు ఎక్కినవాడికి మంచినీళ్లు అడక్కుండా ఇవ్వడం ఈ సీమలో మర్యాద. డెబ్బై ఏళ్లు ఆ మర్యాద పాటించినావిడ, కరపత్రం చదివి ఒక్కసారిగా గేటు దగ్గరే "నీ ఆధార్ కార్డు చూపించు" అనాలట. చట్టం కూడా ఉందండోయ్. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం, ఇంటికొచ్చి అమ్మే డైరెక్ట్ సెల్లర్ గుర్తింపు కార్డు పెట్టుకోవాలి, ముందుగా అనుమతి తీసుకోకుండా గడప తొక్కకూడదు. కంపెనీ ఉన్నవాడికి ఆ నిబంధన. మన సంచివాడికి కంపెనీ ఆ సంచే.

ఇంకో వర్గం ఉంది, నాకు దొంగ మీదకంటే వీళ్లమీదే ఒళ్లు మండేది. "దురాశ అండీ, చవగ్గా వస్తుందని ఎగబడ్డారు" అనే వర్గం. ఎవరికండీ దురాశ? తన ఇల్లు కారకూడదనుకోవడం దురాశా? వర్షం పడితే మంచం ఎటు జరపాలా అని రాత్రంతా మేలుకున్న మనిషికి, పగలొకడొచ్చి "నేను చూస్తాను" అన్నాడు. ఆ మాట అన్నవాడు ఆ ఏడాదిలో వాడొక్కడే. లాటరీ తగిలిందన్న ఫోన్‌కి పడిపోయినవాణ్ని దురాశాపరుడనండి, ఒప్పుకుంటాను. ఈవిడ కోరింది కప్పు.

పిల్లల సంగతి సరేసరి. వీధి గుమ్మానికొకటి, పెరటి గుమ్మానికొకటి సీసీ కెమెరాలు. అమ్మ దొంగకి మంచినీళ్లిచ్చే దృశ్యం డల్లాస్‌లో హైడెఫినిషన్‌లో కనిపిస్తుంది, కాకపోతే అక్కడ అప్పుడు అర్ధరాత్రి. "అమ్మా, ముక్కూమొహం తెలీనివాణ్ని ఎలా నమ్మావే?" అని తెల్లారాక ఉపన్యాసం. అబ్బాయిగారిని ఒక్కటే అడుగుతాను. వసంతంలో టెక్సాస్‌లో వడగళ్లు పడిన మర్నాడు మీ తలుపు కొట్టి, "ఫ్రీ ఇన్‌స్పెక్షన్" అని నిచ్చెన వేసి కప్పెక్కినవాడు ఏ ఊరివాడు? వడగళ్లు ఎక్కడ పడితే అక్కడికి ట్రక్కులేసుకుని పరిగెత్తే రూఫింగువాళ్లకి అక్కడ ఒక పేరే ఉంది, స్టార్మ్ ఛేజర్లని. పక్కవీధిలో రోడ్డేస్తే తారు మిగిలింది, మీ డ్రైవ్‌వేకి పోసేస్తాం అనేవాడు కూడా అక్కడ బాగా పాతకాపు. మిగిలిన తారు, మిగిలిన కెమికల్. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలీదుగానీ మన చీపురువాడికి హెచ్1బీ ఇవ్వడానికి అర్హతలన్నీ ఉన్నాయి.

తేడా ఒక్కటే. అమెరికాలో 1970ల నుంచీ ఒక నిబంధన ఉంది: అమ్మేవాడు ఇంటికొచ్చి 25 డాలర్లకో అంతకు పైబడో ఏదైనా అంటగడితే, మూడు పనిదినాల్లోపు వద్దనేసి డబ్బు వెనక్కి అడగొచ్చు. బ్రిటన్‌లో పద్నాలుగు రోజులు. వాళ్లు కనిపెట్టిన మందు అనుమానం కాదు, ఆలస్యం. దొంగ బలమంతా 'ఇవాళే' అన్న మాటలో ఉంది కాబట్టి దాన్ని విరిచేశారు.

ఈ మందు మన గోడల మీద ఎప్పుడో రాసి ఉంది కదండీ! రాత్రుళ్లు తలుపు తట్టే దెయ్యానికి భయపడి మనవాళ్లు తలుపు మీద 'ఓ స్త్రీ, రేపు రా' అని రాసుకునేవారు. అది వచ్చి, చదువుకుని, సరే రేపే వద్దామని వెళ్లేది. మర్నాడొస్తే మళ్లీ అదే రాత. చదువొచ్చిన దెయ్యం, పైగా మాట మీద నిలబడే దెయ్యం. ఆ రాతకి ఒక్క అక్షరం చేర్చి 'ఓ మేస్త్రీ, రేపు రా' అని గేటుకి రాసుకుంటే చాలు. మర్యాదకి మర్యాద, ఎవర్నీ దొంగ అన్నట్టు కాదు. మంచినీళ్లు కూడా ఇవ్వొచ్చు. "రేపు రా నాయనా, మా తమ్ముడు వస్తాడు, పైకెక్కి చూస్తాడు, మొత్తం ఎంతవుతుందో కాయితం మీద రాసివ్వు" అంటే తప్పేం లేదు. తమ్ముడు లేకపోయినా పర్లేదు, ఎదురింటి కుర్రాడు ఆ రోజుకి తమ్ముడవుతాడు. పాతికేళ్లు ఆగిన తుప్పు ఇంకో పూట ఆగుతుంది. ఆగలేనిది కెమికల్ డబ్బా ఒక్కటే.

నిజమైన తాపీమేస్త్రీకి ఈ బోర్డు అవసరమే లేదు. ఆయనకి ఫోన్ చేస్తే తనే "రేపొస్తానండి" అంటాడు. ఏ రేపో చెప్పడు. సంక్రాంతికి అడిగితే ఉగాది తర్వాత, ఉగాది తర్వాత అడిగితే "హైదరాబాదులో ఉన్నానండి". అరపూట పనికి ఆయన రావడం గిట్టుబాటు కాదు, ఆ మాట పైకి అనడు. పిలిస్తే రానివాడు అసలు మేస్త్రీ, పిలవకుండా వచ్చినవాడు నకిలీ. కోనసీమలో ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు. కాకపోతే పరీక్ష ఎంత తేలికైనా, కారే కప్పు కింద కూర్చుని ఎన్నాళ్లు రాయగలం?

డబ్బు పోయాక ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఏమీ జరగదు. స్టేషనుకి వెళ్లొచ్చు, పెద్దవాళ్ల కోసం 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది, దానికి ఫోన్ చెయ్యొచ్చు. ఆవిడ ఎవరికీ చెప్పదు. అందరికంటే ముందు కొడుక్కి చెప్పదు. చెబితే "ఇంక నువ్వక్కడ ఒక్కదానివీ ఉండలేవమ్మా, ఇల్లు అమ్మేసి వచ్చెయ్" అంటాడని ఆవిడకి తెలుసు. పన్నెండు వేలు పోయాయని ఒప్పుకుంటే ఇల్లే పోతుంది, పెరట్లో మూడు కొబ్బరిచెట్లతో సహా. అందుకని నోరు మూసుకుంటుంది, సంచివాడు నిశ్చింతగా పక్కింటి గేటు తీస్తాడు. మన తిట్లకి ఆయన ఎంత రుణపడి ఉన్నాడో లెక్కకట్టడానికి ఏ మీటరూ చాలదు.

కాబట్టి అబ్బాయిగారూ, కోప్పడటం వచ్చే ఆదివారానికి వాయిదా వెయ్యండి. ఈ ఆదివారం ఊళ్లో మేస్త్రీగారికి ఫోన్ చెయ్యండి. మీ అమ్మగారు చేస్తే ఎత్తడుగానీ, అమెరికా నంబరు చూస్తే తప్పకుండా ఎత్తుతాడు. అరపూట పనైనా రోజుకూలి ఇస్తానని చెప్పండి. రేపొస్తానంటాడు. ఏ రేపో తేదీతో సహా రాయించుకోండి.