పదడుగుల దూరం

మీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను! పదో తరగతి పిల్లలకు ముప్ఫయ్యేళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. అంతటివాణ్ణి మా ఇంటి హాల్లో టేపు పట్టి కొలిచి, నా మంచానికి సరిగ్గా పదడుగుల దూరాన సుద్దముక్కతో గీత గీశాను. అయిదేళ్ల మనవరాలు ఆ గీత దాటకూడదు. "తాతయ్య ఒంట్లో రేడియేషన్ ఉందమ్మా, దగ్గరికొస్తే నీకూ అంటుకుంటుంది" అని చెప్పాను. గీత అవతల చతికిలబడి, బొమ్మను ఒళ్లో పెట్టుకుని, నన్నే చూస్తూ కూర్చునేది.

నాకు వచ్చింది టాన్సిల్ దగ్గర క్యాన్సర్. గొంతు నొప్పి కదా అని నాలుగు నెలలు ఉప్పునీళ్లు పుక్కిలించాను. మెడ మీద రేగికాయంత గడ్డ కనబడితేగానీ ఆసుపత్రి గడప తొక్కలేదు. స్టాఫ్ రూములో పాతికేళ్లు కాల్చిన సిగరెట్ల సంగతి డాక్టరమ్మ అడిగినప్పుడు లెక్క సగానికి తగ్గించి చెప్పాను. మా ఆవిడ పక్కనే ఉంది మరి.

రేడియేషన్ మొత్తం 70 గ్రేలు, రోజుకు 2 గ్రేల చొప్పున 35 సార్లు, వారానికి అయిదు రోజులు అని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పుచ్చిపోయిన దంతాలుంటే ముందే తీయించుకోమంది. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు తర్వాత గాయమైతే మానడం చాలా కష్టమట. అన్నీ చెప్పి, "ఏమైనా అడగాలా మాస్టారూ?" అంది. మా ఆవిడ రాత్రంతా కూర్చుని కాగితం మీద ప్రశ్నలు రాసిచ్చింది: ఏం తినాలి, స్నానం చేయొచ్చా, పిల్ల దగ్గరికి రావచ్చా అని. ఆ కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. నేనడిగింది మాత్రం "గ్రే అంటే కిలోకు ఒక జౌల్ కదమ్మా?" అని. "అవునండీ" అంది డాక్టరమ్మ. గది నిండా ఉన్నవాళ్లు నన్ను చూశారు. ఆరోజుకి అది చాలనిపించింది. తెలియదని ఒప్పుకోవడం కంటే తెలిసిన ఒక్క ముక్కను పదిమందిలో పైకి చెప్పడం ఎంత తీపో మీకూ తెలుసు.

ముఖానికి మాస్కు చేయాలి, గడ్డం మీసం తీయించుకుని రమ్మన్నారు. ముప్ఫయ్యేళ్ల మీసం! రేపు, ఎల్లుండి అంటూ మూడు రోజులు దాటేశాను. చివరికి మా ఆవిడే మంగలి షాపు దాకా వెంట వచ్చింది. ప్లాస్టిక్ జల్లెడ లాంటి రేకును వేడినీళ్లలో మెత్తబరిచి, వెచ్చవెచ్చగా ముఖం మీదా మెడ మీదా పరిచారు. చల్లారేసరికి అది అచ్చంగా నా ముఖమైపోయింది. రోజూ దాన్ని బల్లకు బిగిస్తే తల వెంట్రుకవాసి కూడా కదలదు. గుర్తులన్నీ దాని మీదే పెడతారు. అందరూ బయటికి వెళ్లి, కెమెరాలో చూస్తూ మైకులో మాట్లాడతారు. ఇబ్బందైతే చెయ్యి ఎత్తమంటారు. యంత్రం తలచుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. నొప్పి లేదు, వేడి లేదు. పావుగంటలో అయిపోతుంది. బయటికొచ్చేసరికి బుగ్గల మీద గళ్లగళ్ల అచ్చులు.

మొదటి రెండు వారాలూ ఏమీ కాలేదు. "నా ఒళ్లు వజ్రం" అని ఫోన్లో చుట్టాలందరికీ చెప్పుకున్నాను. మూడో వారం నాలుక మీద రుచి పోయింది. నోట్లో పుళ్లు లేచాయి, ఉమ్మి జిగురై తీగలా సాగింది. మెత్తగా, చప్పగా తినమని, ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్లతో మాటిమాటికీ పుక్కిలించమని ముందే చెప్పారు. రుచి తెలియకపోతే కారమూ తెలియదని నేను సొంతంగా ఒక సిద్ధాంతం కట్టాను. మా ఆవిడ గుడికి వెళ్లిన సమయం చూసి, కొత్త ఆవకాయ జాడీ దించి, వేడన్నంలో ఎర్రగా కలిపి, నెయ్యి వేసి, పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. రుచి తెలియలేదు, కారం తెలిసింది! నోట్లో నిప్పుల కుంపటి బోర్లించినట్టయింది. మింగలేను, కక్కలేను, అరవబోతే గొంతు లేదు. కుళాయి కింద తల పెట్టి, పెరుగు గిన్నెలో నాలుక ముంచి, పెరట్లో చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ రాత్రి నుంచి మంచినీళ్లు కూడా దిగలేదు. ముక్కులోంచి గొట్టం వేసి రాగిజావ, పాలు పోయాల్సి వచ్చింది. కాస్త మంచినీళ్లు కష్టం లేకుండా మింగగలగడం ఎంత భాగ్యమో అప్పటిదాకా ఎరగను.

వారానికి గొట్టం తీయగానే మేనల్లుడి పెళ్లి. నేను వెళ్లకపోతే జబ్బు ముదిరిందని ఊరంతా అనుకుంటారని భయం. జ్వరమని ఆసుపత్రికి అబద్ధం చెప్పి నాలుగు రోజులు మానేశాను. నల్లబడిన మెడకు కండువా చుట్టుకుని పందిట్లో తిరిగాను. తిరిగి వెళ్లాక డాక్టరమ్మ గద్దించలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మీరు సెలవు పెడితే క్యాన్సర్ కణాలు సెలవు పెట్టవు మాస్టారూ. ఆ ఖాళీలో అవి మళ్లీ పెరుగుతాయి" అంది. పోయిన రోజుల్ని పూడ్చడానికి కొన్నాళ్లు పూటకొకసారి, ఆరు గంటలు ఎడం పెట్టి, రోజుకు రెండుసార్లు ఇచ్చారు.

అప్పుడు మా ఆవిడ నోరు తెరిచింది. "ఏమ్మా, ఈయన పెళ్లిలో అంతమంది పిల్లల మధ్య తిరిగారు. మరి మా పిల్లనెందుకు దగ్గరికి రానివ్వరు?" దానికీ నా దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంది: నాలుగు రోజులు మానేశాను కాబట్టి అర్ధజీవితకాలం ప్రకారం తగ్గిపోయిందని! డాక్టరమ్మ తెల్లబోయి చూసింది. "థైరాయిడ్‌కు అయోడిన్ మందు లోపలికి ఇచ్చినప్పుడైతే కొన్నాళ్లు పిల్లలకు దూరంగా ఉండమంటాం. మీకు బయట నుంచి ఎక్స్-కిరణాలు ఇస్తున్నాం. యంత్రం ఆపగానే మీ ఒంట్లో ఏమీ మిగలదు" అంది.

మా స్కూలు తెలుగు పంతులుగారి భార్యకు ఇచ్చింది ఆ అయోడినే. ఆవిణ్ణి వేరే గదిలో ఉంచారని విని, నాకూ అదే అనుకున్నాను. బల్బు ఆర్పితే గోడలో వెలుగు మిగలదని ఎన్ని బ్యాచులకు చెప్పానో! జేబులో కాగితం ఉంది, మూడో ప్రశ్న అదే. అడిగి ఉంటే మొదటిరోజే ఒక్క మాటతో తేలిపోయేది. నాలుగు వారాలు ఆ పిల్ల గీత అవతల నిద్రపోయింది.

ఇంటికెళ్లి చేతులు చాచాను. పరుగెత్తుకొచ్చి గీత దగ్గర టక్కున ఆగిపోయింది. "ఇక్కడిదాకేనా తాతయ్యా?" అంది. మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. సుద్ద ఊరికే వస్తుందా, గచ్చు గరుకులోకి దిగిపోయి ఉంది. కాసేపు చూసి, తనూ గౌను అంచు తడుపుకుని వచ్చి, అటువైపు నుంచి తుడవడం మొదలుపెట్టింది.