లీకులకు మంగంపేట మందు

ఏలినవారి సముఖమునకు,

ఓబులవారిపల్లె మండలం మంగంపేట నుంచి, ముగ్గురాయి దుమ్ము మింగి బతికే జనం పెట్టుకునే అర్జీ. అర్జీ అంటే తమరు పక్కన పడేస్తారు గనక, టెండరు అనుకుని చదువుకోండి.

అమరావతిలో ఏ పార్టీ కూర్చున్నా, ఢిల్లీలో ఏ జెండా ఎగిరినా తమరిని పట్టి పీడించే జబ్బు ఒకటే. ఫైళ్లు కారిపోతున్నాయి. దానికి మందు మా కాళ్ల కిందున్న ముగ్గురాయి. మొదట లెక్కగట్టిన నాడే ఏడు కోట్ల టన్నులకు పైమాట అన్నారు. ప్రపంచంలో ఒక్కచోట ఇంత ముగ్గురాయి, అదే బరైటీస్, ఇంకెక్కడా లేదు. చమురు బావి తవ్వేవాళ్లు దీన్ని మెత్తగా ఆడించి, బురదలో కలిపి బోరులోకి దించుతారు. నీళ్లకు నాలుగింతలు దాటిన బరువు. అడుగు నుంచి తన్నుకొచ్చే గ్యాసు ఈ బరువు కింద కిక్కురుమనకుండా పడుంటుంది. అలాంటిది, సచివాలయంలో ఒక బీరువా ఎంత?

గ్యారంటీ ఉందా అంటారేమో. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ వాళ్ల బావి పేలినప్పుడు, మే నెలలో ఇలాంటి బరువైన బురదనే పైనుంచి కుమ్మరించారు. ఆగలేదు. ఈ సంగతి మా గ్యారంటీ కార్డు మీద కూడా వేస్తాం, కనపడనంత చిన్న అక్షరాల్లో.

తమరి సొంత వైద్యాలన్నీ చూశాం. తెల్లదొర 1923లో చేసిపోయిన అధికార రహస్యాల చట్టాన్ని కళ్లకద్దుకుని దాచుకున్నారు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చి, దొర చట్టం కంటే తన మాటే చెల్లుతుందని 22వ సెక్షన్‌లో రాసుకుంది. మరుసటి ఏడు వీరప్ప మొయిలీ సంఘం ఆ పాత చట్టాన్ని ఎత్తేయమంది. తమరు ఆ సిఫారసును ఎత్తేశారు.

2019లో రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు కాగితాలు ‘హిందూ’ పత్రికలో వచ్చాయి. మార్చి 6న అటార్నీ జనరల్ వేణుగోపాల్ సుప్రీంకోర్టులో లేచి, అవి రక్షణ శాఖ నుంచి దొంగిలించినవన్నారు. రెండు రోజులకే, దొంగతనం కాదు, జిరాక్సులు అన్నారు. విమానం ధర అడిగిన దేశానికి జిరాక్సు సంగతి చెప్పి పంపారు! ఏప్రిల్ 10న కోర్టు, ఎలా వచ్చినా ఆ కాగితాలు చూస్తామంది. అప్పటికి టీవీల్లో రోజుల తరబడి చర్చ జరిగింది. ఎవరు తీశారు, ఎలా తీశారు, దేశద్రోహమా కాదా. కాగితంలో ఏముందో చదివిన యాంకరు మాత్రం మా డిష్షులో తగల్లేదు.

మన రాష్ట్రం ఇంకా తెలివైంది. కారే కుండకు అతుకు దేనికి, నీళ్లే పోయకపోతే సరి. 2021లో ముందు ఖాళీ జీవోలు పెట్టారు: నంబరుంది, తేదీ ఉంది, లోపల తెల్ల కాగితం. ఆగస్టు నాటికి అసలు వెబ్‌సైట్‌లో జీవోలు పెట్టడమే మానేశారు. ప్రజల కోసం ఇచ్చిన ఉత్తర్వు ప్రజలు చూస్తే లీకవుతుందట! అదే నెలలో తెలంగాణ హైకోర్టు అక్కడి సర్కారును ఇరవై నాలుగు గంటల్లో జీవోలు జనానికి కనపడేలా పెట్టమని మందలించాల్సి వచ్చింది. 2024లో ఇక్కడ గద్దె మారాక జీవోలు మళ్లీ కనపడ్డాయి. సంతోషం. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పారదర్శకత మీద ఎంత ప్రేమ ఉంటుందో, అది గెలిచాక ఎన్నాళ్లు నిలుస్తుందో మా గని కూలీలకు కూడా తెలుసు లెండి.

ఆ ఏడే జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఆ కాగితాల కోసం ఏళ్ల తరబడి తిరిగిన రైతు బస్సెక్కి పోయేవాడు, సారు లేరంటే బస్సెక్కి వచ్చేవాడు. కాగితం బూడిదైన మర్నాడు సాక్షాత్తూ డీజీపీ హెలికాప్టర్‌లో దిగాడు. కాగితానికి ఆ మర్యాద బతికుండగా జరిగుంటే రైతుకు ఇన్ని బస్సు ఛార్జీలు మిగిలేవి.

లీకు అంటే ఏమిటో మాకు గనిలోనే అర్థమైంది. ఎవరి పొలం కిందికి గని వస్తుందో భూమి బేరగాడికి ముందే తెలుస్తుంది. దాన్ని ఎవరూ లీకు అనరు, సారుకు పలుకుబడి ఉందంటారు. టెండరు రేటు తెరవకముందే కావాల్సిన చెవిన పడుతుంది. అదీ లీకు కాదు, అనుభవం. అదే కాగితం జిరాక్సు తీసుకుని పొలం గలవాడు కలెక్టరేట్ మెట్లెక్కితే మాత్రం, ‘ఇది నీకెట్లా వచ్చిందప్పా?’ అని మొదటి ప్రశ్న. నీ పొలం ఏమైందన్న ప్రశ్న చివరిదాకా రాదు.

కాబట్టి మా షరతులు. సరుకు ఏ గ్రేడే, ఓబులవారిపల్లెలో వ్యాగన్లకెత్తిస్తాం. పొలం గలవాడి వైపు కారే రంధ్రం మూయాలంటే ఒక బస్తా చాలు, డబ్బు కూడా వద్దు. కాంట్రాక్టరు వైపు కారే రంధ్రం కూడా మూయమంటారా, అందుకు చాలినంత ముగ్గురాయి మా గనిలో లేదు.